ఇల్లు ఓనర్‌ది, మరి తలుపు ఎవరిది?

సాయంత్రం పని నుంచి వచ్చి తలుపు తీస్తే పొద్దున మూసి వెళ్లిన కిటికీ తెరిచి ఉంటుంది. సింక్ కింద అల్మారా తలుపు ఓరగా ఉంటుంది, బాత్‌రూమ్ గచ్చు మీద ఎవరిదో బూటు అచ్చు ఎండిపోయి ఉంటుంది. వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఫోన్ చేసి అడిగితే అవతల నుంచి చాలా మామూలుగా జవాబొస్తుంది, "అవునండీ, కుళాయి కారుతోందన్నారు కదా, ప్లంబర్‌ని తీసుకొచ్చి చూపించా, మీరు లేరు, నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది కదా" అని.

రిపేర్ అడిగింది అద్దెకున్నవాళ్లే, చేయించింది ఓనరే, ఇంకా కంప్లైంట్ దేనిమీద? చాలామంది ఇక్కడే నోరు మూసుకుంటారు, ఎందుకంటే పోయింది ఇదీ అని చేత్తో చూపించడానికి ఏమీ ఉండదు. కానీ ఆ రాత్రి పడుకునే ముందు లెక్కలు మొదలవుతాయి, టేబుల్ మీద బ్యాంక్ కాగితాలు పడున్నాయి, మంచం పక్కన మందుల డబ్బా ఉంది, తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, ఆ ఇద్దరూ ఏ గదిదాకా వెళ్లారు, ఎంతసేపున్నారు, ఇది మొదటిసారేనా లేక ఇంతకుముందు కూడా వచ్చారా, ఇప్పుడు తెలిసింది కిటికీ వల్ల కాబట్టి కిటికీ మూసి వెళ్లుంటే అసలు తెలిసేదే కాదు కదా. మర్నాటి నుంచి బయటికెళ్లే ముందు అన్నీ సర్ది, దాచి, తాళం వేసి వెళ్లడం అలవాటవుతుంది. అంటే సొంత ఇంట్లో ఉంటూ హోటల్ గదిలో ఉన్నట్టు బతకడం. అద్దె మాత్రం ఇంటికే కడుతున్నారు.

ఈ గొడవలో ఇద్దరూ నిజాయితీగానే వాదిస్తారు, అదే తమాషా. "నా ఇంట్లోకి నేను రావడానికి పర్మిషన్ ఏంటి" అని ఓనర్‌కి నిజంగానే అనిపిస్తుంది. "నేనుండే ఇంట్లోకి చెప్పకుండా ఎలా వస్తారు" అని అవతలివాళ్లకి నిజంగానే మండుతుంది. ఇద్దరూ వాడుతున్నది ఒకటే మాట, ఇల్లు. కానీ ఒకళ్లు ఆస్తి గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకళ్లు ఆ ఆస్తిలో ఉండటం గురించి మాట్లాడుతున్నారు. చట్టం ఈ రెండిటికీ ఎప్పుడో వేర్వేరు పేర్లు పెట్టింది, మొదటిది యాజమాన్యం, రెండోది స్వాధీనం. అద్దెకిచ్చినప్పుడు యాజమాన్యం ఎక్కడికీ పోదు, కాగితాల్లో పేరు ఓనర్‌దే, అమ్ముకోవాలంటే అమ్ముకోవచ్చు, రేపు రేటు పెరిగితే ఆ లాభమూ తనదే. చేతులు మారేది స్వాధీనం. లోపల ఉండే హక్కు, దాంతోపాటు ఎవరిని లోపలికి రానివ్వాలో ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలో తేల్చే హక్కు. ఆపగలిగే ఆ లిస్టులో ఓనర్ కూడా ఉంటాడు, ఈ ఒక్క ముక్కే చాలామందికి మింగుడుపడదు. నెలనెలా అద్దె తీసుకుంటున్నది అసలు దీనికే మరి, గోడలకీ ఫ్యాన్లకీ మాత్రమే అయితే ఖాళీ గోడౌన్‌కి ఇచ్చినంత ఇస్తే సరిపోయేది.

దీనిమీద ఇంగ్లాండ్‌లో 1985లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో అక్కడి అన్నిటికన్నా పై కోర్టు, ఇచ్చిన తీర్పు ఒకటి చాలా దేశాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గదులు ఇచ్చినాయన అగ్రిమెంట్‌కి లైసెన్స్ అని పేరు పెట్టాడు, అంటే స్వాధీనం ఇవ్వకుండా ఉండటానికి ఇచ్చే ఉత్త అనుమతి, అద్దె చట్టం తగలకుండా ఉండటానికి. లోపలికొచ్చి చూసుకోవడానికి, మీటర్ రీడింగ్ తీసుకోవడానికి, రిపేర్లు చేయడానికి నాకు హక్కుంది అని ఒక క్లాజ్ కూడా రాసుకున్నాడు. జడ్జి లార్డ్ టెంపుల్‌మన్ ఏమన్నాడంటే, మట్టి తవ్వడానికి అయిదు పళ్లున్న పనిముట్టు ఒకటి తయారుచేసి, నేను చేసింది పారే అని ఎంత మొత్తుకున్నా అది పార అయిపోదు అని, అంటే కాగితం మీద ఏ పేరు రాసుకున్నా గది మొత్తం ఒకళ్లకే అప్పజెప్పి అద్దె తీసుకుంటుంటే అది అద్దె ఇల్లే. ఈ పోలిక బాగా ఫేమస్ అయింది కానీ మన విషయానికి పనికొచ్చేది ఆ తీర్పులోనే ఉన్న ఇంకో మాట. లోపలికొచ్చి చూసుకునే హక్కు, రిపేర్ చేసే హక్కు అని ఓనర్ విడిగా రాసుకున్నాడంటేనే మిగతా స్వాధీనమంతా అద్దెకున్నవాళ్లదని అర్థం అన్నాడాయన. ఎప్పుడంటే అప్పుడు రాగలిగేవాడికి రావచ్చు అని రాసుకోవాల్సిన అవసరమే ఉండదు కదా. అగ్రిమెంట్‌లో ఎంట్రీ క్లాజ్‌ని ఓనర్‌లు తమ బలం అనుకుంటారు గానీ, చదవాల్సినట్టు చదివితే తలుపు తమ చేతుల్లో లేదని వాళ్లే సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితం అది.

భారతదేశంలో సంగతి చూస్తే మూల చట్టం ఇంకా పాతది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో సెక్షన్ 108 దగ్గర రెండు ముక్కలు ఒకే చోట ఉంటాయి, ఒకటి అటు లాగితే ఇంకోటి ఇటు లాగుతుంది. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఆటంకం లేకుండా ఆస్తిని అనుభవించనిస్తానని ఓనర్ మాటిచ్చినట్టే లెక్క, కాగితం మీద రాసినా రాయకపోయినా. ఇదొకటి. సరైన వేళల్లో ఓనర్‌ని, ఓనర్ తరఫు మనుషుల్ని లోపలికి రానిచ్చి ఆస్తి ఎలా ఉందో చూసుకోనివ్వాలి, ఇది రెండోది. సరైన వేళ అంటే ఏది, ముందు ఎంతసేపటికి చెప్పాలి, ఎన్నిసార్లు రావచ్చు, ఇవేవీ అందులో లేవు. దాదాపు నూట నలభై ఏళ్లు ఆ ఖాళీ ఖాళీగానే నడిచింది.

దాన్ని నింపడానికి ప్రయత్నించింది 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్, అంటే నమూనా అద్దె చట్టం. కనీసం 24 గంటల ముందు నోటీస్ ఇవ్వాలి, కాగితం మీదైనా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా సరే, అందులో ఎందుకొస్తున్నారో, ఏ రోజు, ఏ టైమ్‌కో రాయాలి, సూర్యోదయానికి ముందు సూర్యాస్తమయం తర్వాత రాకూడదు, అగ్నిప్రమాదం వరద తుఫాను భూకంపం లాంటివి వస్తే మాత్రం నోటీస్ అక్కర్లేదు. వినడానికి బానే ఉంది. కానీ పేరులోనే మోడల్ అని ఉంది, రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా తెచ్చుకుంటేనే అమల్లోకి వస్తుంది, అప్పటిదాకా అదొక నమూనా అంతే. "సెంట్రల్ చట్టం ప్రకారం 24 గంటల నోటీస్ ఇవ్వాలి" అని ఎవరైనా గట్టిగా చెప్తే, మీ రాష్ట్రం ఏం చట్టం చేసిందో ముందు చూసుకోవాలి. ఆ టైమ్‌లూ గంటలూ అగ్రిమెంట్‌లో రాసుకుంటే మాత్రం రాష్ట్రం కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి, అతిక్రమణ, అంటే ట్రెస్‌పాస్. ఇల్లు తనదే కాబట్టి ఓనర్ మీద ట్రెస్‌పాస్ కేసు ఎలా అవుతుంది అని అడుగుతుంటారు. పాత ఐపీసీలో అయినా, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయినా నిర్వచనంలో ఉన్న మాట వేరొకరి స్వాధీనంలో ఉన్న ఆస్తి అని, వేరొకరి సొంతమైన ఆస్తి అని కాదు. కాబట్టి ఓనర్ కూడా అందులోకి రావచ్చు. కానీ ఇంకో మెలిక ఉంది, నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉంటేనే అది క్రిమినల్ కేసు. ప్లంబర్‌ని వెంటేసుకుని మంచి ఉద్దేశంతో చెప్పకుండా వచ్చిన ఓనర్ తప్పు చేసినట్టే, కానీ ఆ తప్పు జైలుదాకా వెళ్లేది కాదు. పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తి నిరాశపడేవాళ్లకి చాలావరకు తగిలే రాయి ఇదే.

మిగతా చోట్ల గంటలు లెక్కపెట్టి రాసుకున్నారు. ఇంగ్లాండ్‌లో ఇల్లు ఏ స్థితిలో ఉందో చూడ్డానికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, పగటిపూట సరైన వేళలోనే రావాలి, ఇది అక్కడి 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలో ఉంది. కెనడాలోని ఒంటారియోలో 24 గంటల నోటీస్, వచ్చేది పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపే. కాలిఫోర్నియాలో మామూలుగా 24 గంటలు, పని వేళల్లోనే, పైగా ఈ హక్కుని అద్దెకున్నవాళ్లని వేధించడానికి వాడుకోకూడదు అని చట్టంలోనే విడిగా రాశారు. న్యూజిలాండ్ ఇంకాస్త తెలివిగా ఆలోచించింది, ఇన్‌స్పెక్షన్‌కైతే 48 గంటలు, రిపేర్‌కైతే 24, పైగా ఇన్‌స్పెక్షన్ నాలుగు వారాలకి ఒక్కసారికి మించకూడదు. ఈ చివరిది చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే నోటీస్ ఇచ్చి వేధించడం కూడా ఒక కళే. ప్రతి వారం ఒక నోటీస్ పద్ధతిగా పంపి, ప్రతి వారం పద్ధతిగా వచ్చి, ప్రతి గదీ పద్ధతిగా చూసి వెళ్తుంటే కాగితం మీద ఒక్క తప్పూ దొరకదు, మనిషి మాత్రం రెండు నెలల్లో ఖాళీ చేసి పోతాడు. గంటలతో పాటు సార్లు కూడా లెక్కపెట్టని చట్టానికి ఇది కనపడదు.

గంటల గురించి ఇంత చెప్పాక అందరూ పడే పొరపాటు దగ్గరికి రావాలి. నోటీస్ ఇచ్చాను కాబట్టి ఇక తాళం తీసుకుని వెళ్లిపోవచ్చు అనుకుంటారు. నోటీస్ అంటే వస్తున్నాను అని చెప్పడం, అవతలివాళ్లు సరే అనడం వేరే సంగతి. నోటీస్ సరిగ్గా ఉండి, కారణం సరైనదై ఉండి, అయినా అద్దెకున్నవాళ్లు వద్దు అంటే ఏమవుతుంది అన్నదానికి ఒక్కో చోట ఒక్కోలా ఉంది, కొన్నిచోట్ల అలా వద్దనడమే అద్దెకున్నవాళ్ల తప్పు అవుతుంది, ఒంటారియోలో ఓనర్ లోపలికి రావచ్చు కూడా. ఇంగ్లాండ్‌లో మాత్రం నోటీస్ ఇచ్చినా సరే వద్దంటుంటే తోసుకుని రావడం కుదరదు, కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. తేదీ కుదరక రేపు కాదు ఎల్లుండి రండి అనడాన్ని ఎక్కడా నేరంగా చూడరు, అది మామూలు మర్యాద. అసలు చాలా గొడవలు ఆ ఒక్క మెసేజ్‌తో తీరిపోవాల్సినవే.

మిగతా దేశాలు గంటలు లెక్కపెడుతుంటే జర్మనీ అసలు రావడానికి కారణం ఏంటి అని అడిగింది. అక్కడ 2014లో ఫెడరల్ కోర్టుదాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది, తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ విషయం సీరియస్సే. ఇంటికి కొత్తగా పొగ అలారంలు బిగించారు, అవి చూసుకోవడానికి వస్తానని ఓనర్ ముందే చెప్పుకుని వచ్చింది. వచ్చిన పని అలారంలది. వచ్చాక పనిలో పనిగా మిగతా గదులు కూడా చూస్తానని మొదలుపెట్టింది, అలారంలు లేని గదులు కూడా. అద్దెకున్నాయన వద్దన్నాడు, బయటికెళ్లమన్నాడు, ఆవిడ వెళ్లలేదు. దాంతో ఆయన ఆవిడని రెండు చేతులతో ఎత్తుకుని తీసుకెళ్లి గుమ్మం బయట దించేశాడు. ఆవిడ ఖాళీ చేయమని నోటీస్ ఇచ్చింది, ఓనర్‌నే ఎత్తి బయట పెట్టినవాడిని ఇంకా ఇంట్లో ఉండనివ్వాలా అని.

కోర్టు ఆ ఖాళీ నోటీస్ చెల్లదంది. అలా ఎత్తి బయట పెట్టడం మంచి పని అని ఎవరూ అనలేదు, కానీ ఒప్పుకున్నది అలారంలు చూడ్డానికి మాత్రమే, అది దాటి గదులన్నీ చూస్తాననడమే గొడవకి మూలం, కాబట్టి అద్దె ఒప్పందం రద్దయ్యేంత పెద్ద తప్పు ఆయనది కాదంది. అంతకన్నా ముఖ్యం, ప్రత్యేకంగా ఒక కారణం లేకుండా ఊరికే అప్పుడప్పుడూ వచ్చి ఇల్లు చూసుకుపోయే హక్కు ఓనర్‌కి లేదని, అగ్రిమెంట్ ఫారంలో ముందే అచ్చువేసి పెట్టుకున్నా ఆ క్లాజ్ చెల్లదని తేల్చేసింది. తాళంచెవుల విషయంలోనూ అక్కడ అంతే, ఇల్లు అప్పజెప్పేటప్పుడు అన్నీ ఇచ్చేయాలి, అద్దెకున్నవాళ్లు ఒప్పుకోకుండా ఒకటి తన దగ్గర ఉంచుకోకూడదు. మొదట్లో చెప్పిన "నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది కదా" అన్న మాటే అక్కడ ఓనర్ మీద కేసుకి ఆధారం అవుతుంది.

ఆ కేసులో జరిగిందాన్ని తెలుగులో సందట్లో సడేమియా అంటారు, నిజానికి ఎంట్రీ గొడవల్లో ఎక్కువ భాగం ఈ బాపతే. గీజర్ చూడ్డానికి వచ్చినవాళ్లు బెడ్‌రూమ్ తలుపు తోస్తారు, మీటర్ కోసం వచ్చినవాళ్లు ఫ్రిజ్ పక్కన నిలబడి ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో లెక్కపెడతారు. ఒక పనికి ఇచ్చిన అనుమతి ఆ పనికే, ఆ గదికే.

ఓనర్ వైపు కూడా చూడాలి, లేకపోతే ఇదంతా ఏకపక్షం అవుతుంది. గోడలోపల పైపు నెమ్మదిగా కారుతుంటే అద్దెకున్నవాళ్లకి నెలల తరబడి తెలియకపోవచ్చు, లేదా తెలిసినా మనకెందుకులే అని ఊరుకోవచ్చు, నష్టం మొత్తం పడేది ఓనర్ మీద. చాలా దేశాల్లో రిపేర్ బాధ్యత చట్టప్రకారం ఓనర్‌దే, బాధ్యత ఇచ్చి చూసే దారి ఇవ్వకపోతే అదేం న్యాయం? అందుకే ఎక్కడా ఎంట్రీని మొత్తానికి మూసేయలేదు, జర్మనీలో కూడా కారణం ఉంటే రానివ్వాల్సిందే. ఇక ఎమర్జెన్సీలో అయితే నోటీస్ మాటే ఎత్తరు, పైపు పగిలి కింది ఇంటి సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నప్పుడు, గ్యాస్ వాసన వస్తున్నప్పుడు, పొగ వస్తున్నప్పుడు ఫోన్ ఎత్తేదాకా ఆగమని ఎవరూ అనరు. కాకపోతే ఎమర్జెన్సీ అనే మాట రబ్బరులా సాగుతుంది. చుక్కచుక్కగా కారే కుళాయి వారం నుంచి కారుతోంది, ఇంకో రోజు కారితే ప్రపంచం మునిగిపోదు, అది ఎమర్జెన్సీ కాదు. రేపటిదాకా ఆగితే మనుషులకో ఇంటికో ప్రమాదమా అని అడిగితే తేలిపోతుంది. నిజంగా ఎమర్జెన్సీలో వెళ్లాల్సి వచ్చినా లోపలున్నంతసేపూ ఆ పనే చూసుకుని, ఎప్పుడు వచ్చాం, ఏం చేశాం, ఏం ముట్టుకున్నాం అని ఒక మెసేజ్ పెట్టి వస్తే మొదట్లో చెప్పిన కిటికీ భయం ఉండదు.

ఎక్కువమందికి నిజంగా నరకం కనిపించేది చివరి నెలలో. ఖాళీ చేస్తున్నామని చెప్పిన దగ్గర్నుంచి ఇల్లు చూపించడం మొదలవుతుంది, పొద్దున ఒకళ్లు, మధ్యాహ్నం ఇంకొకళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు చెప్పులతోనే లోపలికొచ్చి అల్మారాలు తెరిచి చూస్తారు, అది ఓనర్ అల్మారానే కానీ లోపల ఉన్న బట్టలు ఓనర్‌వి కావు. చివరి నెల అద్దె కూడా పూర్తి అద్దే, సగం ప్రైవసీకి సగం అద్దె అని ఎవరూ తీసుకోవట్లేదు. ఒంటారియోలో ఈ దశలో కొత్తగా అద్దెకొచ్చేవాళ్లకి చూపించడానికి 24 గంటల నోటీస్ కూడా అక్కర్లేదు, ముందుగా చెప్పడానికి తగినంత ప్రయత్నం చేస్తే చాలు, అంటే అద్దెదారులకి బలమైన చట్టం ఉన్నచోట కూడా ఈ నెల కొంచెం పలచనే. వారానికి రెండు రోజులు, ఫలానా గంటల మధ్య అని ముందే మాట్లాడుకోవడం తప్ప దీనికి మంత్రం ఏమీ లేదు.

ఫోటోల గొడవ ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంటి ప్రకటన కోసం తీసిన ఫోటోల్లో గోడ మీద ఫ్యామిలీ ఫోటో, మూలన లాప్‌టాప్, పిల్లల స్కూల్ బ్యాగ్ మీద పేరు అన్నీ పడతాయి, అవి నెట్‌లోకెక్కాక ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. గదిలోకి మనిషి వచ్చి వెళ్తే పది నిమిషాలు, ఫోటో వెళ్తే తిరిగి రాదు. లోపలికి రావడానికి సరే అన్నంత మాత్రాన ఫోటో తీయడానికి సరే అన్నట్టు కాదు, ఈ రెండూ విడివిడిగా అడగాల్సినవి.

ఓనర్ తాను రాకుండా వేరేవాళ్లని పంపితే? పోలీసులు వచ్చి తలుపు తీయమంటే ఓనర్ తీయొచ్చా? దీనిమీద అమెరికా సుప్రీంకోర్టు 1961లో తీర్పిచ్చింది, కథ మొదలయ్యేది ఒక ఆదివారం. జార్జియా రాష్ట్రంలో ఒక ఇంటి ఓనర్ తన దగ్గర అద్దెకున్నాయన్ని చర్చికి పిలుద్దామని వెళ్లాడు, ఎవరూ పలకలేదు కానీ లోపలి నుంచి సారా బట్టీ పులుపు వాసన గుప్పుమంది. ఆయన పోలీసులకి చెప్పాడు, వాళ్లు ఆయన అనుమతితోనే, వారెంట్ లేకుండా, గడియ లేని కిటికీలోంచి లోపలికి దిగారు. లోపల బట్టీ ఉంది, 1,300 గ్యాలన్ల పులిసిన ద్రావణం ఉంది. నేరం కళ్లముందే ఉంది. అయినా కోర్టు ఆ సోదా చెల్లదంది, ఇల్లు అద్దెకిచ్చినంత మాత్రాన అందులో ఉన్నవాళ్ల తరఫున సోదాకి ఒప్పుకునే హక్కు ఓనర్‌కి లేదంది. తనకి లేని అనుమతిని ఇంకొకళ్లకి ఇవ్వలేడు కదా. ప్లంబర్ విషయంలోనూ, బ్రోకర్ విషయంలోనూ, చూద్దామని వెంట వచ్చిన బంధువు విషయంలోనూ ఇదే లెక్క.

అసలు గడప దాటకుండానే లోపలికి రావచ్చని కూడా అమెరికాలోనే తేలింది. 1964లో న్యూహ్యాంప్‌షైర్ సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసులో ఓనర్ పక్కింట్లోనే ఉండేవాడు, అద్దెకున్న భార్యాభర్తల పడకగదిలో మాటలు వినే పరికరం పెట్టి వైర్లు తన ఇంటికి లాక్కున్నాడు అన్నది ఆరోపణ. నేను విన్నానని రుజువేంటి అన్నది ఓనర్ వాదన. వినడం రుజువు చేయక్కర్లేదు, అలాంటి పరికరం పడకగదిలో పెట్టడమే ప్రైవసీలోకి చొరబడటం అంది కోర్టు. అరవై ఏళ్ల కిందట వైర్లు లాగాల్సి వచ్చింది, ఇప్పుడు అంత కష్టమేం లేదు, గుమ్మానికి ఎదురుగా పెట్టిన ఒక్క కెమెరా చాలు, ఎవరు ఎన్నింటికి వచ్చారు ఎవరితో వచ్చారు ఎన్నింటికి వెళ్లారు అన్నీ ఓనర్ ఫోన్‌లోనే. మెట్ల దగ్గర సెక్యూరిటీకి కెమెరా పెట్టడం ఒకటి, ఒక తలుపు తెరిచినప్పుడల్లా హాల్ లోపలిదాకా కనిపించేలా పెట్టడం ఇంకోటి, చెప్పేటప్పుడు మాత్రం రెండిటికీ సెక్యూరిటీ అనే పేరు.

ఫోన్‌తోనో కోడ్‌తోనో తెరుచుకునే స్మార్ట్ లాక్‌లు వచ్చాక తాళంచెవికి జ్ఞాపకశక్తి కూడా వచ్చింది. మామూలు తాళం ఎవరు తీశారో గుర్తుపెట్టుకోదు, స్మార్ట్ లాక్ ప్రతి తీతనీ టైమ్‌తో సహా రాసుకుంటుంది, ఆ లిస్ట్ ఎవరి అకౌంట్‌లో ఉంటుందన్నదే ప్రశ్న. 2019లో న్యూయార్క్‌లో కొందరు అద్దెదారులు ఈ లాక్‌లు మాకొద్దు, మామూలు తాళంచెవి ఇవ్వండి అని కోర్టుకెళ్లి సెటిల్‌మెంట్‌లో తెచ్చుకున్నారు. అదే ఏడాది బ్రూక్లిన్‌లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయానికి మొహం చూసి తలుపు తీసే సిస్టమ్ పెట్టబోతే వందమందికి పైగా అభ్యంతరం చెప్పి ఆపించారు. 2021లో ఆ నగరం దీనికి విడిగా చట్టమే చేసింది, ఇలాంటి తలుపుల్లో పోగయ్యే వచ్చిపోయిన వివరాలని 90 రోజులకి మించి ఉంచుకోకూడదని. స్మార్ట్ లాక్ వల్ల ఒక మేలు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం అన్యాయం. ఓనర్ చెప్పకుండా వస్తే అది కూడా అందులో పడుతుంది. కాబట్టి ఆ లిస్ట్ అద్దెకున్నవాళ్లకి కూడా కనపడేలా పెట్టమని అడగడం తెలివైన పని.

ఇక చేతిలో ఏముంది అంటే, చాలావరకు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు గంటే. "ఓనర్ ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అని ఉంటే ఆ ఎప్పుడైనా దగ్గర ఆగాలి, కొట్టేసి, 24 గంటల ముందు మెసేజ్ పెట్టి, కారణం చెప్పి, పగటిపూట, అద్దెకున్నవాళ్లు ఉన్నప్పుడు లేదా వాళ్లు సరే అన్నప్పుడు అని రాయించుకోవాలి, చాలామంది ఓనర్‌లు దీనికి అభ్యంతరం చెప్పరు ఎందుకంటే వాళ్లు ఆ క్లాజ్ చదవనే లేదు, ఎక్కడో పాత అగ్రిమెంట్‌లోంచి టైపిస్ట్ ఎత్తి పెట్టిందే. ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక గది తీసుకున్నవాళ్లకి, హాస్టల్లో మంచం తీసుకున్నవాళ్లకి మాత్రం ఈ బలం తక్కువ, అక్కడ స్వాధీనం పూర్తిగా చేతికి రాదు, అది చట్టం దృష్టిలో చాలావరకు లైసెన్స్ కిందికే వస్తుంది, కాబట్టి కాగితం మీద రాయించుకున్నదే వాళ్లకి దిక్కు.

చెప్పకుండా వచ్చి వెళ్లారని తెలిసిన రోజున కోపంగా ఫోన్ చేయడం కన్నా, "ఈరోజు మేం లేనప్పుడు వచ్చి వెళ్లారట, ఇకమీద ఒకరోజు ముందు మెసేజ్ పెట్టండి, మేం ఉండేలా చూసుకుంటాం" అని ఒక్క ముక్క రాసి పంపితే మేలు. ఫోన్‌లో మాట గాల్లో కలిసిపోతుంది, మెసేజ్ తేదీతో సహా ఉంటుంది, మూడోసారి జరిగినప్పుడు మొదటిసారే చెప్పామని చూపించడానికి పనికొస్తుంది. ఇల్లు చేతికొచ్చిన రోజు ఫ్యాన్లు, లైట్లు, గోడ మీద గీతలు లెక్కపెట్టి రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అదే కాగితం మీద ఇంకో లైన్ రాయించుకోవాలి, ఈ తలుపుకి మొత్తం ఎన్ని తాళంచెవులు ఉన్నాయి, అందులో మాకు ఎన్ని ఇచ్చారు, మిగిలినవి ఎవరి దగ్గర ఉన్నాయి అని.